నలభై ప్రైమర్లలో పదకొండే తేడా చూపాయా? వేరుశనగలో అది మామూలే

ప్రశ్న క్లుప్తంగా ఇది. వ్యవసాయ ఎమ్మెస్సీ చివరి ఏడాది విద్యార్థిని ఒకరు 48 వేరుశనగ రకాల జన్యు వైవిధ్యాన్ని 40 ఎస్ఎస్ఆర్ మార్కర్లతో (డీఎన్ఏలో చిన్న అక్షరాల వరుస పదేపదే వచ్చే చోట్లను చూసే గుర్తులు; ఆ చోటును పట్టి పెంచే పొట్టి డీఎన్ఏ ముక్కలే ప్రైమర్లు) అంచనా వేశారు. రకాల్లో 36 గుత్తి రకాలు, 12 వర్జీనియా రకాలు. మార్కర్లలో 11 మాత్రమే రకాల మధ్య తేడా చూపాయి. సగటు పీఐసీ, అంటే ఒక మార్కరు రకాల మధ్య ఎంత తేడా చూపగలదో చెప్పే సూచిక, 0.31. రకాలను జన్యు పోలికలను బట్టి గుంపులు చేసే స్ట్రక్చర్ సాఫ్ట్‌వేర్ రెండే గుంపులు ఇచ్చింది. హెటిరోజైగోసిటీ, అంటే జన్యువులో ఒకే చోట రెండు వేర్వేరు రూపాలు (అల్లీళ్లు) ఉండటం, మాత్రం 38 శాతం వచ్చింది. "ఆర్ఏపీడీ మార్కర్లు కూడా కలిపితే ఫలితాలు మెరుగవుతాయా? లేక నా ప్రయోగమే తప్పా?" అని అడుగుతున్నారు. ఆర్ఏపీడీ అంటే యాదృచ్ఛికమైన పొట్టి ప్రైమర్లతో పనిచేసే పాత పద్ధతి.

అమ్మా, ఆ పదకొండు మార్కర్ల గురించి దిగులు పెట్టుకోవద్దు. నాకు దిగులు కలిగించినది ఆ 38 శాతం. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు పదకొండు ఎందుకు వచ్చాయో చూద్దాం, ఎందుకంటే మీ కమిటీ మొదట అడిగేది అదే.

మనం పండించే వేరుశనగ, అంటే అరాకిస్ హైపోజియా, టెట్రాప్లాయిడ్, అంటే నాలుగు క్రోమోజోము సమితులున్నది. 40 క్రోమోజోములు, ఎ, బి అనే రెండు ఉపజన్యుసముదాయాలు. దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు, అరాకిస్ డ్యూరానెన్సిస్, అరాకిస్ ఇపయెన్సిస్, సంకరమై, ఆ సంకరంలో క్రోమోజోములు రెట్టింపు కావడంతో ఈ పంట పుట్టింది. ఇది జరిగి పదివేల ఏళ్లు కూడా కాలేదు. పరిణామం లెక్కలో అది నిన్న మొన్నటి మాట. ఆధారాలన్నీ ఒకే సంఘటన వైపు, లేదా వేళ్లమీద లెక్కించగల సంఘటనల వైపు చూపుతున్నాయి. అంటే మొత్తం పంటకు మూలపురుషులు దాదాపు ఒక మొక్కే. పైగా ఆ మొక్కకు 40 క్రోమోజోములు, చుట్టూ ఉన్న బంధువులకు 20. వాటితో కలిస్తే పుట్టే ట్రిప్లాయిడ్ (మూడు సమితుల) సంతానం వంధ్యం. ఇల్లు కట్టుకున్న రోజే పుట్టింటి దారి మూసుకుపోయినట్టయింది. ఆ పైన స్వపరాగ సంపర్కం. కొత్త అల్లీళ్లు బయటి నుంచి వచ్చే అవకాశమే లేదు.

ఇపయెన్సిస్ కథ ఇంకా విచిత్రం. బొలీవియాలో ఒకే ఒక్క చోట దొరికిన జాతి అది. 2016లో రెండు అడవి జాతుల జన్యుక్రమం వెలువడినప్పుడు, ఇపయెన్సిస్ డీఎన్ఏ పంట వేరుశనగలోని బి భాగంతో 99.96 శాతం సరిపోయింది. తాత ఫొటో చూసి మనవణ్ని గుర్తుపట్టడం కాదు, తాతే ఎదురుగా నిలబడ్డట్టు.

ఈ ఇరుకు సంగతి మార్కర్లు వచ్చిన తొలిరోజుల్లోనే బయటపడింది. 1991లో వేరుశనగ జన్యు పరిశోధకుడు గ్యారీ కోచర్ట్ బృందం ఆర్ఎఫ్ఎల్‌పీ అనే తొలితరం డీఎన్ఏ మార్కర్లతో చూసినప్పుడు, అడవి జాతుల్లో తేడాలు కొల్లలుగా కనిపించాయి, సాగు రకాల్లో దాదాపు ఏమీ కనిపించలేదు. ఎస్ఎస్ఆర్‌లు వచ్చాక పరిస్థితి మెరుగుపడింది కానీ తలకిందులు కాలేదు. టీఏజీ 24, జీపీబీడీ 4 రకాల సంకరంలో తుప్పు తెగులు, ఆకుమచ్చ తెగులు నిరోధక జన్యువుల కోసం 2010లో పటం గీసినవారు 1,089 ఎస్ఎస్ఆర్ ప్రైమర్లు పరీక్షిస్తే తల్లిదండ్రుల మధ్య తేడా చూపినవి 67. అంటే 6 శాతం చిల్లర. అక్కడ ఇద్దరు తల్లిదండ్రులే, మీ దగ్గర 48 రకాలు, కాబట్టి మీకు ఎక్కువ రావడం సహజమే. నలభైలో పదకొండు అంటే నాలుగో వంతుకు పైనే. ఆ సంఖ్యను థీసిస్‌లో తలదించుకుని కాదు, ఈ నేపథ్యం ముందు పెట్టి రాయండి.

"మరి పొలంలో అన్ని తేడాలు కనిపిస్తున్నాయి కదా, ఒకటి తీగలా పాకుతుంది, ఒకటి గుత్తిగా నిలబడుతుంది, ఒకదానికి గింజ ఎరుపు, ఒకదానికి గులాబీ" అని ఎవరో ఒకరు అడుగుతారు. కంటికి కనిపించే ఆ తేడాల్లో కొన్నింటి వెనక ఉన్న జన్యువులు కొద్దే. రైతులు తరతరాలుగా వాటినే చూసి ఎంచుకున్నారు కాబట్టి అవి ఎదురెదురు చివరలకు వెళ్లిపోయాయి. మిగిలిన జన్యుసముదాయం ఉన్నచోటే ఉంది. ఎస్ఎస్ఆర్ మార్కరు చూసేది ఆ మిగిలినదాన్ని. 2019లో సాగు వేరుశనగ జన్యుక్రమం వచ్చాక ఇంకో సంగతి కూడా తెలిసింది. ఎ, బి భాగాల మధ్య ముక్కలు మారడం, ఒక వైపు ముక్క పోయి రెండో వైపుది దాని చోట కూర్చోవడం ఈ పంటలో జరిగింది, జరుగుతూనే ఉంది. పంట లోలోపల కొత్తదనం పుట్టించుకునే దారుల్లో ఇదొకటి. డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి గీతలుగా (బ్యాండ్లుగా) విడదీసే మామూలు ఎస్ఎస్ఆర్ జెల్‌లో ఇది కనిపించదు.

ఇప్పుడు ఆ 38 శాతం.

నా పీహెచ్‌డీ రోజుల్లో నేనూ ఇదే పని చేశాను. జెల్ మీద ఒక రకానికి రెండు బ్యాండ్లు కనిపిస్తే హెటిరోజైగస్ అని రాసుకుంటూ పోయాను. మౌఖిక పరీక్షకు వచ్చిన పెద్దాయన పట్టిక చూసి, కళ్లద్దాలు తీసి, "మీ పొలంలో తేనెటీగలు అంత శ్రమపడ్డాయా?" అని అడిగారు. నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. గదిలో మిగతావారికి అప్పటికే అర్థమైంది.

వేరుశనగ పువ్వు విచ్చుకునే వేళకే పుప్పొడి పని చాలావరకు పూర్తవుతుంది. తేనెటీగల వల్ల పరసంపర్కం జరగదని కాదు, చాలా తక్కువ. ఒక్కో తరం స్వపరాగ సంపర్కంతో హెటిరోజైగోసిటీ సగమవుతుంది. పదేళ్లుగా విత్తనం తీసుకుంటున్న స్థిరమైన రకంలో అది సున్నా దరిదాపుల్లో ఉండాలి. మరి రెండు బ్యాండ్లు ఎక్కడివి? మీ ప్రైమరు ఎ భాగంలోని చోటునూ, బి భాగంలో దానికి జోడీగా ఉన్న చోటునూ రెండింటినీ పెంచుతోంది. ఆ రెండు బ్యాండ్లు ఒకే చోటి రెండు అల్లీళ్లు కావు, రెండు వేర్వేరు చోట్లు. మీ పదకొండు మార్కర్లలో నాలుగు మార్కర్లు అన్ని రకాల్లోనూ రెండేసి బ్యాండ్లు ఇస్తే చాలు, 36 శాతం అక్కడే వచ్చేస్తుంది. మీ లెక్క కూడా ఇలాగే తయారై ఉంటుందని నా అనుమానం.

సరిచేయడం కష్టం కాదు. జెల్ ఫొటోలు మళ్లీ ముందు పెట్టుకోండి. ఒక బ్యాండు 48 రకాల్లోనూ కదలకుండా ఉండి, రెండోది మాత్రమే మారుతుంటే, మారేదాన్ని ఒక చోటుగా లెక్కించి, కదలనిదాన్ని వదిలేయండి. రెండూ మారుతుంటే వాటిని విడదీయాలి. ఇపయెన్సిస్, డ్యూరానెన్సిస్ డీఎన్ఏ కొంచెం దొరికితే అదే ప్రైమరుతో పక్కపక్కన నడపండి, ఏ బ్యాండు ఎవరిదో చాలాసార్లు తేలిపోతుంది. లేదా ప్రైమరు వరుసను ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్న జన్యుక్రమంలో వెతికి, ఎక్కడెక్కడ అతుక్కుంటుందో చూడండి. ఎలాగూ తేలని మార్కరును తీసేయండి. తొమ్మిది నమ్మదగిన మార్కర్లు పదకొండు అనుమానపు మార్కర్ల కంటే మేలు. ఇదంతా చేశాక కూడా ఒక రకంలో నిజంగా రెండు అల్లీళ్లు కనిపిస్తే, మొదట విత్తన కల్తీని అనుమానించండి. ఒక్క మొక్క ఆకు నుంచి డీఎన్ఏ తీశారా, లేక అయిదారు మొక్కల ఆకులు కలిపి తీశారా అన్నది మీరు రాయలేదు. కలిపి తీసి ఉంటే ఆ రెండు బ్యాండ్లు రెండు మొక్కలవి కావచ్చు.

జెల్ గురించి కూడా ఒక మాట. మీరు 3 శాతం అగరోజ్ జెల్ వాడానని రాశారు. వేరుశనగలో ఎక్కువ తేడా చూపేవి జీఏ లాంటి రెండక్షరాల పునరావృతాలు. ఒక్క పునరావృతం తేడా అంటే రెండు బేస్‌లు. 200 బేస్‌ల పొడవున్న ముక్కల్లో రెండు బేస్‌ల తేడాను అగరోజ్ చూపలేదు. మీరు తేడా లేదని పక్కన పెట్టిన 29 మార్కర్లలో కొన్ని ఆ కారణంగానే మూగబోయి ఉండవచ్చు. మీ విభాగంలో చిన్న తేడాలనూ విడదీసే పాలీ అక్రిలమైడ్ జెల్ సదుపాయం ఉంటే, మొత్తం 48 కాదు, బాగా దూరమైన ఎనిమిది రకాలు ఎంచుకుని ఆ 29 మార్కర్లనూ ఒకసారి నడపండి. అందులో బ్యాండ్లు కనిపించేలా వెండి లవణంతో రంగు వేసే సిల్వర్ స్టెయినింగ్ విసుగు పుట్టించే పనే, ఒప్పుకుంటాను, గిన్నెలు తోమినంత సేపు తోమాలి. ముక్కల పొడవును తానే కొలిచే కేపిలరీ యంత్రం అందుబాటులో ఉంటే ఇంకా మంచిది. ఏది వాడినా ప్రతి జెల్‌లోనూ ఒకే రకాన్ని, ఉదాహరణకు టీఎంవీ 2ను, కొలబద్దలా పెట్టండి. ఒక జెల్‌లో 210 అనుకున్న బ్యాండు ఇంకో జెల్‌లో 212గా మారిపోయే పొరపాటును అదొక్కటే పట్టిస్తుంది.

పీఐసీ విషయంలో చాలా థీసిస్‌లలో చూసే తప్పు మీ దగ్గరా ఉందేమో చూసుకోండి. అల్లీళ్ల పౌనఃపున్యాల వర్గాల మొత్తాన్ని ఒకటి నుంచి తీసేసి దానికే పీఐసీ అని పేరు పెడుతుంటారు. అది జన్యు శాస్త్రవేత్త నేయి చెప్పిన జన్యు వైవిధ్య సూచిక. పీఐసీ దాని కంటే కొంచెం తక్కువ ఉంటుంది. ఒక మార్కరుకు మూడు అల్లీళ్లు, 48 రకాల్లో 30, 12, 6 చొప్పున ఉన్నాయనుకుందాం. పౌనఃపున్యాలు 0.625, 0.25, 0.125. వర్గాల మొత్తం 0.469, కాబట్టి జన్యు వైవిధ్యం 0.53. ఇక ఒక్కో జత అల్లీళ్ల వర్గాల లబ్ధాన్ని రెట్టింపు చేసి తీసేస్తే పీఐసీ 0.47కు దిగుతుంది. తేడా చిన్నదే, కానీ ఇతరుల ఫలితాలతో పోల్చేటప్పుడు వారిది ఏదో, మీది ఏదో తెలియాలి. ఇంకో హెచ్చరిక: ఎస్ఎన్‌పీ మార్కర్లకు (డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడాను చూసేవి) రెండే అల్లీళ్లు ఉంటాయి కాబట్టి వాటి పీఐసీ ఎంత పెంచినా 0.375 దాటదు. "ఎస్ఎన్‌పీలలో పీఐసీ తక్కువ, కాబట్టి ఎస్ఎస్ఆర్‌లు మేలు" అని రాసినవారిని చూశాను. గిద్దెకు, శేరుకు పందెం పెట్టినట్టు ఉంటుంది అది.

ఆర్ఏపీడీ కలపవద్దు. బ్యాండ్ల సంఖ్య పెరుగుతుంది, అది నిజమే. కానీ పది అక్షరాల ప్రైమరు తక్కువ ఉష్ణోగ్రత దగ్గర ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటుంది. యంత్రం మారినా, ఎంజైము మారినా, ఒక్కోసారి చెయ్యి మారినా ఫలితం మారుతుంది. పైగా ఆ మార్కర్లు డామినెంట్, బ్యాండు లేకపోవడానికి కారణం అల్లీల్ లేకపోవడమా, పీసీఆర్ (డీఎన్ఏను పెంచే ప్రక్రియ) విఫలం కావడమా తెలియదు. ఇరవై ఏళ్ల కిందట వేరే దారి లేక అందరం వాడాం. డబ్బు, అనుమతి ఉంటే ఎస్ఎన్‌పీల వైపు వెళ్లండి. 2017 నుంచి వేరుశనగకు 58 వేల ఎస్ఎన్‌పీల చిప్ ఉంది. అక్కడా పాత శత్రువే ఎదురవుతుంది: ఎ, బి భాగాల మధ్య ఉన్న తేడాను రకాల మధ్య తేడాగా పొరబడటం. అన్ని రకాలూ హెటిరోజైగస్‌గా కనిపించే ఎస్ఎన్‌పీని మొదట్లోనే తీసేస్తే సగం పీడ వదులుతుంది. చిప్‌తో అడవి జాతులను కొలిస్తే మాత్రం జాగ్రత్త. ముందే ఎంచిన రకాల్లో తేడా చూపిన చోట్లే చిప్ మీద ఉంటాయి. అడవి జాతుల సొంత తేడాలు అందులో లేవు కాబట్టి, అవి పేదవాటిలా కనిపిస్తాయి.

ఎస్ఎస్ఆర్‌లతోనే కొనసాగితే ఇంకో పదిహేనో ఇరవయ్యో మార్కర్లు చేర్చండి. కానీ ఎక్కడివి పడితే అక్కడివి కాదు. ఎ01 నుంచి ఎ10 వరకు, బి01 నుంచి బి10 వరకు ఇరవై క్రోమోజోముల్లో ఎక్కడా ఖాళీ లేకుండా చూడండి. మీ జాబితాలో ఎ03 మీదివే నాలుగున్నాయి, అవి తుప్పు తెగులు నిరోధకత పరిశోధనల నుంచి తీసుకున్న ప్రైమర్లని వాటి పేర్లు చూస్తేనే తెలుస్తోంది. జీపీబీడీ 4లోని ఆ నిరోధకత అసలు అరాకిస్ కార్డెనాసి అనే అడవి జాతి నుంచి వచ్చిన ముక్క. ఆ ముక్క ఉన్న రకాలన్నీ రకాల బంధుత్వాన్ని కొమ్మలుగా చూపే మీ చెట్టు బొమ్మలో ఒకచోట చేరతాయి, వాటి మిగతా జన్యువుల్లో ఎంత దూరం ఉన్నా సరే. అది వైవిధ్యం కాదు, ఒక్క ముక్క వేసిన ముద్ర.

స్ట్రక్చర్ రెండు గుంపులు చూపిందంటే ఆశ్చర్యం లేదు. వేరుశనగలో హైపోజియా, ఫాస్టిజియాటా అని రెండు ఉపజాతులున్నాయి. వర్జీనియా రకాలు మొదటిదానివి, మన గుత్తి రకాలు, వాలెన్సియా రకాలు రెండోదానివి. మీ రెండు గుంపులు అవేనా అని పేరు పేరునా సరిచూడండి. అవే అయితే సాఫ్ట్‌వేర్ మీకు కొత్తగా చెప్పింది ఏమీ లేదు, మీ మార్కర్లు పనిచేస్తున్నాయని మాత్రం రుజువైంది. గుంపుల సంఖ్యను తేల్చే డెల్టా కె పద్ధతి చాలాసార్లు రెండు దగ్గరే ఆగుతుంది, పై అంతస్తు విభజన అంత బలంగా ఉంటుంది కాబట్టి. ఫాస్టిజియాటా రకాలను విడిగా తీసి మళ్లీ నడపండి, లోపలి విభజన ఏమైనా ఉంటే అప్పుడు బయటపడుతుంది. ఇంకో చిక్కు, స్ట్రక్చర్ ప్రతి గుంపులోనూ హార్డీ వైన్‌బర్గ్ సమతాస్థితి (మొక్కలు యాదృచ్ఛికంగా సంపర్కం చెందితే వచ్చే సమతూకం) ఉంటుందని అనుకుని లెక్క వేస్తుంది. స్వపరాగ సంపర్క పంటలో అది ఎలా ఉంటుంది? స్థిరమైన రకాలను ఒక్కో చోటికి ఒకే అల్లీల్ ఉన్నట్టు, అంటే హాప్లాయిడ్‌గా నమోదు చేసి నడపడం ఒక సర్దుబాటు. ఆ ఊహ అవసరం లేని డీఏపీసీ అనే ఇంకో గుంపుల విశ్లేషణ పద్ధతితో పోల్చి చూడటం ఇంకా మంచిది. 36, 12 అన్న అసమానతను కూడా మరవవద్దు. ఎక్కువ రకాలున్న గుంపులో ఎక్కువ అల్లీళ్లు కనిపించడం వైవిధ్యానికి రుజువు కాదు. రెండు గుంపుల నుంచీ 12 చొప్పున యాదృచ్ఛికంగా తీసి, అనేకసార్లు లెక్కించి, సగటు పోల్చండి.

చెట్టు బొమ్మ గీయడానికి బ్యాండ్లన్నిటినీ ఒకటి, సున్నాలుగా మార్చి జకార్డ్ అనే పోలిక సూచిక వాడానన్నారు. ఆరు అల్లీళ్లున్న మార్కరు ఆరు వరుసలుగా, రెండు అల్లీళ్లున్నది రెండు వరుసలుగా మారిపోతాయి. అంటే ఒక మార్కరుకు ఆరు ఓట్లు, ఇంకోదానికి రెండు. అల్లీళ్లు పంచుకునే నిష్పత్తి మీద ఆధారపడిన దూరం వాడితే ప్రతి చోటికీ సమాన విలువ దక్కుతుంది. బూట్‌స్ట్రాప్ విలువలు (ఒక్కో కొమ్మను ఎంత నమ్మవచ్చో చెప్పేవి) తప్పకుండా వేయండి. పదకొండు మార్కర్లతో లోపలి కొమ్మల్లో చాలావాటికి మద్దతు దొరకదు. దొరకని కొమ్మల గురించి పేరాలకు పేరాలు రాయవద్దు.

రకాల ఎంపిక మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. మీ 48లో ఎక్కువ భాగం విడుదలైన రకాలు, బ్రీడింగ్ వరుసలు. అవన్నీ ఒకరికొకరు చుట్టాలే. వైవిధ్యాన్ని చుట్టాలింటి పెళ్లిలో వెతికితే అన్నీ ఒకే పోలిక ముఖాలే కనిపిస్తాయి. పటాన్‌చెరు ఇక్రిశాట్ జన్యునిధిలో హరి ఉపాధ్యాయ బృందం 14 వేలకు పైగా నమూనాల నుంచి 1,704 నమూనాలతో, మొత్తానికి ప్రతినిధిగా నిలిచే కోర్ సేకరణ, దాని నుంచి 184 నమూనాలతో మినీ కోర్ తయారుచేసింది. వేర్వేరు దేశాల నాటు రకాలు అందులో ఉన్నాయి. వాటి నుంచి పది పన్నెండు చేర్చగలిగితే మీ బొమ్మకు కొలత వస్తుంది. మన రకాలు ఆ విస్తృతిలో ఎంత మూల ఇరుక్కుని ఉన్నాయో కంటికి కనిపిస్తుంది. అనంతపురం ప్రాంతంలో ఎకరాలకు ఎకరాలు కదిరి 6 ఒక్కటే కనిపించిన ఏళ్లు చూసినవారికి ఆ బొమ్మ అర్థం వేరే చెప్పనక్కరలేదు.

చివరగా, ఈ పని దేనికోసమో ఒక్క వాక్యంలో రాసుకున్నారా? సంకరాలకు తల్లిదండ్రులను ఎంచడానికే అయితే, దూరం ఎక్కువగా ఉన్న జతే మంచి జత అన్న సూత్రం లేదు. ముందు కావలసిన లక్షణం, ఆ తర్వాత దూరం. నూనెలో ఒలీక్ ఆమ్లం పెంచాలంటే రెండు ఎఫ్ఏడీ 2 జన్యువుల మార్పులు చూస్తే చాలు, నలభై ఎస్ఎస్ఆర్‌లు అక్కర్లేదు. మార్కర్లు చెప్పే దూరానికీ, కాయ దిగుబడి, గింజ బరువు లాంటి లక్షణాలు చెప్పే దూరానికీ పొత్తు కుదరకపోతే అది మీ వైఫల్యం కాదు, రెండూ కొలుస్తున్నవి వేరు.

సాఫ్ట్‌వేర్ మళ్లీ తెరిచే ముందు ఒక చిన్న పని చేయండి. మీ 48 పేర్ల పక్కన ప్రతి రకం వంశావళి రాయండి. కదిరి 6కు ఒక వైపు జేఎల్ 24, రెండో వైపు ఏహెచ్ 316/ఎస్. జేఎల్ 24 విదేశీ నమూనా నుంచి ఎంపిక చేసినది. టీఎంవీ 2 గుడియాత్తం బంచ్ నుంచి ఎంపికైన పాత రకం. కదిరి 3 గుత్తిగా పెరిగినా వర్జీనియా రకమే. మీ బొమ్మలో కదిరి 6, జేఎల్ 24 దగ్గరగా ఉండాలి, కదిరి 3 వాటికి దూరంగా పడాలి. అలా పడకపోతే సూత్రాలు, సాఫ్ట్‌వేర్ వెతకడం ఆపి, విత్తనాల సంచుల మీద చీటీలు చూడండి.